ఎయిర్ రైఫిల్‌కి మీ ఒంటికి సరిపోయే అడ్జస్టబుల్ స్టాక్ చేసుకోవడం ఎలా?

స్కోప్‌లో ఒక పక్క నల్లటి నీడ కనిపిస్తోంది, తల కొంచెం పైకెత్తితే తప్ప టార్గెట్ దొరకడం లేదు, నాలుగు పెల్లెట్లు ఒకేచోట పడి ఐదోది ఎటో పోతోంది. ఏం చేయాలి? ఎయిర్ రైఫిల్ వాడేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. బ్యారెల్ మార్చాలా, స్కోప్ మార్చాలా అని వెతికేముందు ఒక్కసారి స్టాక్, అంటే యాక్షన్‌ని మోస్తూ భుజానికి ఆనే భాగం, చూడండి. ఫ్యాక్టరీ స్టాక్ సగటు మనిషి కొలతలకు చేస్తారు. మీ మెడ పొడవు, చేతి పొడవు, చెంప ఎముక ఎత్తు దానికి తెలియవు. స్టాక్ మనకు సరిపడకపోతే మనమే ఒళ్లు వంచుకుని దానికి సర్దుకుంటాం. ఆ సర్దుబాటు ప్రతి షాట్‌కీ ఒకేలా ఉండదు, గ్రూప్ (వరుస షాట్ల పెల్లెట్లు పడిన గుంపు) చెదిరేది అక్కడే.

కింద చెప్పేది భుజానికి ఆనించి కాల్చే ఎయిర్ రైఫిల్‌కి, 4.5 మి.మీ. అయినా 5.5 మి.మీ. అయినా. స్ప్రింగ్ గన్‌కీ పీసీపీకీ (ముందే సిలిండర్‌లో గాలి నింపుకునే గన్‌కీ) తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. మన స్టాక్‌లో కదిలేవి మూడే ఉంటాయి: చీక్ పీస్ (చెంప ఆనే ముక్క) ఎత్తు, బట్ (భుజం వైపు చివర) పొడవు, బట్ ప్యాడ్ (భుజానికి ఆనే మెత్త) ఎత్తు. మొదటిసారి చేసేవాళ్లకు ఈ మూడూ చాలు. కదిలే భాగం పెరిగినకొద్దీ వదులయ్యే చోటు కూడా పెరుగుతుంది.

మొదలుపెట్టే ముందు

గన్‌లో పెల్లెట్ లేదని, కాక్ చేసి (కాల్చడానికి సిద్ధం చేసి) లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. స్టాక్ నుంచి బయటికి తీసిన స్ప్రింగ్ యాక్షన్‌ని (బ్యారెల్, ట్రిగ్గర్ ఉన్న లోహ భాగాన్ని) ఎప్పుడూ కాక్ చేయొద్దు. కొన్ని మోడళ్లలో ట్రిగ్గర్ పిన్నులు జారకుండా పట్టి ఉంచేది స్టాక్ గోడలే. యాక్షన్ వెనక మూత విప్పడం, స్ప్రింగ్ తీయడం ఈ పనిలో భాగం కాదు, వాటి జోలికి పోవద్దు. పీసీపీ అయితే స్టాక్ విప్పేముందు గాలి తీసేయాలా వద్దా అన్నది మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, అది చూడండి.

మీ ప్రాంతంలో ఎయిర్ గన్‌కి మార్పులు చేయడంపై నిబంధనలుంటే ముందే తెలుసుకోండి. పోటీల్లో కాల్చేవాళ్లయితే పెన్సిల్ పట్టుకోకముందే రూల్‌బుక్ తెరవండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లో క్యాలిబర్ 4.5 మి.మీ., సైట్లతో కలిపి మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. స్టాక్ లోతు, బట్ ప్లేట్ ఆకారం, చీక్ పీస్ పక్కకు ఎంత రావచ్చు అన్నవాటికి కూడా హద్దులున్నాయి. అవి సవరిస్తూ ఉంటారు కాబట్టి తాజా ప్రతే చూడాలి.

కావలసినవి

- బాగా ఆరిన గట్టి చెక్క దిమ్మ, లేదా 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ ముక్కలు మూడు
- నమూనా కోసం మెత్తటి చెక్క లేదా గట్టి ఫోమ్, అట్టముక్కలు, టేపు, మోడలింగ్ క్లే
- 12 మి.మీ. స్టీల్ లేదా అల్యూమినియం కడ్డీ, ఆ కడ్డీ వదులు లేకుండా దూరే ఇత్తడి గొట్టం
- ఎం6 గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు), వాటి మరలు పట్టేలా చెక్కలో బిగించే థ్రెడ్ ఇన్‌సర్ట్‌లు
- రబ్బరు బట్ ప్యాడ్, 4 లేదా 5 మి.మీ. అల్యూమినియం ప్లేట్
- ఎపాక్సీ, చెక్క జిగురు, క్లాంపులు, ఎపాక్సీ అంటుకోకుండా పూయడానికి (రిలీజ్ ఏజెంట్‌గా) మైనపు పాలిష్
- రంపం, ఉలులు, రాస్ప్ (చెక్క గీకే గరుకు ఆకురాయి), ఆకురాయి, మూలమట్టం, డ్రిల్ ప్రెస్
- డస్ట్ మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు

రౌటర్ ఉంటే పని త్వరగా అవుతుంది, లేకపోయినా ఉలితో చేయవచ్చు. డ్రిల్ ప్రెస్ లేకపోతే మాత్రం ఆ రంధ్రాల పని వరకు అది ఉన్నవాళ్ల దగ్గర చేయించుకోండి. చేతి డ్రిల్‌తో రెండు రంధ్రాలు సమాంతరంగా రావడం దాదాపు అసాధ్యం.

1. పాత స్టాక్ మీదే కొలతలు తీయండి

అందరూ తొందరపడేది ఇక్కడే, ఎక్కువ సమయం పెట్టాల్సిందీ ఇక్కడే. ఇంటర్నెట్‌లో దొరికిన కొలతలు కాపీ చేయొద్దు. పాత స్టాక్ పైన చెంప ఆనే చోట అట్టముక్కలు పొరలు పొరలుగా పేర్చి టేపు వేయండి. బట్ వెనక కూడా అలాగే. మీరు మామూలుగా కాల్చే బట్టలు, జాకెట్ వేసుకుని, కాల్చే భంగిమలోనే చూసుకోండి. నిలబడి కాల్చేవారికీ పడుకుని కాల్చేవారికీ తల కోణం వేరు, అందుకే చీక్ పీస్ ఎత్తూ బట్ పొడవూ మారతాయి.

కళ్లు మూసుకుని గన్ భుజానికి పెట్టండి. చెంప దాని మీద బరువుగా వాలనివ్వండి, మెడ వదులుగా ఉండాలి. ఇప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో చిత్రం గుండ్రంగా, అంచుల్లో నీడ లేకుండా కనిపించేదాకా అట్టలు కలుపుతూ తీస్తూ ఉండండి. కుదిరాక ఈ కొలతలు రాసుకోండి:

- ట్రిగ్గర్ నుంచి బట్ వెనక అంచుకు దూరం. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా 330–360 మి.మీ. మధ్య వస్తుంది. పిల్లలకు ఇంకా తక్కువ.
- బ్యారెల్ మధ్యగీత నుంచి చెంప ఆనే అంచు ఎంత కిందికి లేదా పైకి ఉంది.
- బ్యారెల్ మధ్యగీత నుంచి బట్ ప్యాడ్ పై అంచు, కింది అంచు.
- చెంప ఆనే చోట స్టాక్ మందం.

గ్రిప్ సంగతి వేరు. అది కదలదు, కాబట్టి తప్పితే సర్దుకునే అవకాశం ఉండదు. గ్రిప్ చుట్టూ మోడలింగ్ క్లే అద్ది, చూపుడు వేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద లంబంగా పడేలా చెయ్యి బిగించి పట్టుకోండి. ఆ అచ్చులో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎక్కడ ఆనిందో, అక్కడి నుంచి ట్రిగ్గర్ ఎంత దూరమో కొలవండి. వేలు ట్రిగ్గర్‌ని పక్కకు లాగుతుంటే ఈ దూరం తప్పినట్టే.

2. అసలు సైజులో డ్రాయింగ్ వేయండి

పెద్ద కాగితం మీద ముందు బ్యారెల్ మధ్యగీత గీయండి. ప్రతి కొలతా దీని నుంచే తీయాలి. ఒకటి స్టాక్ అంచు నుంచి, ఇంకొకటి ట్రిగ్గర్ గార్డ్ నుంచి తీస్తే చివరికి ఏదీ కలవదు. పక్క నుంచి కనిపించే రూపం, పై నుంచి కనిపించే రూపం రెండూ వేయండి.

యాక్షన్ స్క్రూలు, ట్రిగ్గర్, సేఫ్టీ, మ్యాగజైన్, ప్రెజర్ గేజ్, గాలి నింపే చోటు అన్నీ గుర్తించండి. బోల్ట్ లేదా సైడ్ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు ఎక్కడిదాకా వస్తుందో తప్పకుండా గీయండి. చీక్ పీస్ ముందు అంచు దానికి అడ్డు రాకూడదు. బ్రేక్ బ్యారెల్ గన్ (బ్యారెల్ వంచి కాక్ చేసేది) అయితే కాకింగ్ లివర్ తిరిగే దారి కూడా కావాలి.

చీక్ పీస్ పై అంచు బ్యారెల్‌కి సమాంతరంగా ఉంచండి. అప్పుడు తల అంగుళం ముందుకో వెనక్కో జరిగినా కన్ను ఎత్తు మారదు.

3. ముందు నమూనా

మెత్తటి చెక్కతోనో ఫోమ్‌తోనో గ్రిప్ నుంచి బట్ వరకు నమూనా చేసి చేతితో పట్టుకుని చూడండి. ఇందులో యాక్షన్ కూర్చోనక్కర్లేదు, కాల్చకూడదు. గ్రిప్ కోణం, ట్రిగ్గర్ దూరం, బట్ స్థానం కాగితం మీద బాగుండి చేతిలో బాగుండకపోవడం మామూలే. తప్పు ఇక్కడ బయటపడితే పోయేది ఫోమ్ ముక్కే.

4. చెక్క

వాల్‌నట్, బీచ్, టేకు ఏదైనా సరే, బాగా ఆరి ఉండాలి. తేమ 12 శాతం దాటని చెక్క తీసుకోండి. నార (చెక్క పోగులు) గ్రిప్ వెనక స్టాక్ మెడ దగ్గర పొడవునా సాగాలి, అడ్డంగా తెగితే మొదట విరిగేది అక్కడే. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు.

మొదటిసారి చేసేవాళ్లకు నేను బర్చ్ ప్లైవుడ్డే చెబుతాను. మూడు పొరలు అతికిస్తే 54 మి.మీ. మందం వస్తుంది, మెలితిరగదు, నార గొడవ తక్కువ. ఉలి త్వరగా మొద్దుబారుతుంది, అంతే. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వద్దు. స్క్రూ పట్టు నిలవదు.

దిమ్మ డ్రాయింగ్ కంటే అన్ని వైపులా 10 మి.మీ. ఎక్కువ ఉండాలి.

5. దిమ్మ చతురస్రంగా ఉండగానే యాక్షన్ గూడు తొలచండి

బయటి ఆకారం ముందే కోసేసి తర్వాత లోపల తొలచడం చాలామంది చేసే పొరపాటు. వంకర ముక్కను క్లాంపులో నిటారుగా పట్టలేరు, రంధ్రం వంకరపోతుంది. నాలుగు వైపులా మధ్యగీత గీయండి. యాక్షన్ స్క్రూల రంధ్రాలు డ్రిల్ ప్రెస్ మీద ముందు వేయండి, తర్వాత గూడు.

చివరి 2 మి.మీ. ఉలితోనే తీయాలి. దీపపు మసిలో రెండు చుక్కల నూనె కలిపి యాక్షన్ అడుగున పలుచగా పూయండి. గూట్లోకి నిటారుగా దించి, మెల్లగా తట్టి, పైకి తీయండి. చెక్క మీద నల్ల మచ్చ పడిన చోటే తాకుతోందన్న మాట. ఆ మచ్చ వరకే గీకండి, మళ్లీ దించండి. మొదట్లో రెండు మూడు మచ్చలే పడతాయి. పనయ్యేసరికి స్క్రూల చుట్టూ మసి సమానంగా పరుచుకుని కనిపించాలి. విసుగు పుట్టించే పని, కానీ గ్రూప్‌లు నిలబడేది దీనివల్లే.

ట్రిగ్గర్ చుట్టూ 2 మి.మీ. ఖాళీ వదలండి. పీసీపీ అయితే గాలి సిలిండర్‌కీ బ్యారెల్‌కీ చెక్క ఎక్కడా తగలకూడదు. అక్కడ 1–1.5 మి.మీ. ఖాళీ ఉండాలి. స్ప్రింగ్ గన్‌లో కాకింగ్ లివర్ గాడి ఫోర్‌ఎండ్‌ని (స్టాక్ ముందు భాగాన్ని) బలహీనపరుస్తుంది కాబట్టి ఆ గోడలు పలుచన చేయకండి.

6. చీక్ పీస్ కడ్డీల రంధ్రాలు

రంధ్రాలు ముందు, కోత తర్వాత. చీక్ పీస్‌ని ఇంకా కోయకుండా, దిమ్మ పై నుంచి దాని గుండా కిందికి ఒకే విడతలో రెండు రంధ్రాలు వేయండి. ఆ తర్వాత రంపంతో చీక్ పీస్ విడదీస్తే పై ముక్కలోవీ కింది ముక్కలోవీ తప్పకుండా ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. పైన మిగిలే రంధ్రాలను కడ్డీలు అతికించాక చెక్క బిరడాతో మూసేయండి.

రెండు కడ్డీల మధ్య 60–80 మి.మీ. దూరం ఉంచండి. పైకి లేచే ఎత్తు 30 మి.మీ. అనుకుంటే, పూర్తిగా లేపినప్పుడు కూడా ఇంకో 30 మి.మీ. లోపలే ఉండాలి. అంటే కింది ముక్కలో 60 మి.మీ. లోతు. కింది రంధ్రాలను కొంచెం వెడల్పు చేసి, అందులో ఇత్తడి గొట్టాన్ని ఎపాక్సీతో అతికించండి. చెక్కలో నేరుగా కదిలే కడ్డీ కొన్నాళ్లకు వదులవుతుంది. గొట్టాలు అతికేటప్పుడు కడ్డీలు, చీక్ పీస్ అన్నీ కూర్చోబెట్టే ఆరనివ్వండి. కడ్డీలకు మైనం పూయడం మరవొద్దు.

కడ్డీ ఒక పక్క ఆకురాయితో చదును చేయండి. రెండు లాభాలున్నాయి. బిగించే గ్రబ్ స్క్రూ ఆ చదును మీద కూర్చుంటుంది, అడుగున చిక్కుకున్న గాలి బయటికి పోయే దారి ఏర్పడుతుంది. ఆ దారి లేకపోతే కడ్డీ పిస్టన్‌లా పనిచేసి కిందికి దిగనని మొరాయిస్తుంది. స్క్రూ మొనకు, కడ్డీకి మధ్య చిన్న ఇత్తడి ముక్క పెడితే కడ్డీ మీద గాట్లు పడవు.

హెచ్చరిక: ఈ రంధ్రాలు వెనక నుంచి వచ్చే బట్ కడ్డీల రంధ్రాలకు అడ్డం పడకుండా డ్రాయింగ్‌లోనే చూసుకోండి. డ్రిల్ చేశాక తెలిస్తే దిమ్మ వృథా.

7. బట్

సులువైన పద్ధతి: 6 మి.మీ. మందం స్పేసర్లు నాలుగైదు కోసుకుని, బట్ ప్యాడ్‌కీ స్టాక్‌కీ మధ్య పెట్టి రెండు పొడవాటి స్క్రూలతో బిగించడం. ఒక్కరే వాడే గన్‌కి ఇదే మేలు, వదులయ్యే అవకాశం దాదాపు లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేదైతే చీక్ పీస్‌కి చేసినట్టే రెండు కడ్డీలు, గొట్టాలు, లాక్ స్క్రూలు పెట్టండి.

ఎత్తు మార్చడానికి అల్యూమినియం ప్లేట్‌లో 30 మి.మీ. నిలువు గాళ్లు రెండు కోసి, బట్ ప్యాడ్‌ని వాటిలో జరిగేలా బిగించాలి.

8. బయటి ఆకారం

బ్యాండ్ సా ఉంటే మంచిది. జిగ్ సాతో మందమైన చెక్క కోస్తే బ్లేడు పక్కకు వాలుతుంది, అందుకని గీతకు 4–5 మి.మీ. బయట కోసి మిగతాది రాస్ప్‌తో తీయండి. గ్రిప్ ఆఖర్న చేయండి, యాక్షన్ బిగించి ట్రిగ్గర్ మీద వేలు పెట్టి చూస్తూ కొంచెం కొంచెం తగ్గించండి. తీసిన చెక్క తిరిగి రాదు. కడ్డీల చుట్టూ ఎక్కడా 8 మి.మీ. కంటే తక్కువ చెక్క మిగలకూడదు. ఎడమచేతి వాటం వాళ్లు డ్రాయింగ్‌ని అద్దంలో బొమ్మలా తిప్పుకోవాలి, కానీ బోల్ట్ ఏ వైపు ఉందో అది మాత్రం మారదని గుర్తుంచుకోండి.

చెక్క పొడి ఊపిరితిత్తులకు చెడ్డది. మాస్కు తీయకండి.

9. బెడ్డింగ్ (గూట్లో యాక్షన్ కదలకుండా కూర్చోబెట్టడం)

స్క్రూ రంధ్రాల్లో 12 మి.మీ. అల్యూమినియం గొట్టాలు, అంటే పిల్లర్లు, అతికించండి. స్క్రూ బిగించినప్పుడు చెక్క నలగకుండా బరువు వీటి మీద పడుతుంది. పీసీపీకి ఆపైన పలుచటి ఎపాక్సీ పొర వేయవచ్చు. స్ప్రింగ్ గన్‌కి పిల్లర్లు, స్క్రూ తలల కింద మంచి వాషర్లు ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఎపాక్సీ వేసేముందు యాక్షన్‌కి మైనం రెండుసార్లు పూయండి. ప్రతి రంధ్రాన్నీ గాడినీ క్లేతో మూయండి. ఎపాక్సీ ఒక్క గాడిలోకి జారి గట్టిపడితే యాక్షన్ ఇక బయటికి రాదు. పూర్తిగా గట్టిపడక ముందే, ప్యాకెట్ మీద చెప్పిన సమయం చూసుకుని, ఒకసారి విడదీసి చూడటం మంచిది.

10. నూనె

సాండ్ పేపర్ 120, 180, 240 వరుసలో. తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును మళ్లీ 240తో తీయండి. లిన్‌సీడ్ లేదా టంగ్ ఆయిల్ పలుచని పూతలు నాలుగైదు. గూడు లోపల, బట్ ప్యాడ్ కింద కూడా పూయాలి. తేమ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. గొట్టాల్లో మాత్రం పడనివ్వకండి, కడ్డీలు అతుక్కుంటాయి.

లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడిగా పరిచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

11. సర్దే వరుస

వరుస తప్పితే గంటలు తిరిగినా కుదరదు. మొదట బట్ పొడవు, తర్వాత బట్ ప్యాడ్ ఎత్తు. అప్పుడు చీక్ పీస్. ఆఖర్న స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి. స్కోప్ ఎక్కడుందో చూసి తలను అక్కడికి తీసుకెళ్లడం తప్పు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

- యాక్షన్: స్టాక్‌ని క్లాంపులో పట్టి, బ్యారెల్‌కీ ఫోర్‌ఎండ్‌కీ మధ్య వేలు ఆనించి, ముందు స్క్రూ వదులు చేయండి. బ్యారెల్ లేచినట్టు వేలికి తెలిస్తే గూడు సమతలంగా లేదు. డయల్ గేజ్ ఉంటే 0.05 మి.మీ. లోపు కదలిక రావాలి.
- ఖాళీ: పీసీపీలో సిలిండర్ కింద మందపాటి కాగితం ముక్క ఆ చివరి నుంచి ఈ చివరికి ఆగకుండా జరగాలి.
- చీక్ పీస్: బిగించి, అరచేత్తో పక్కకు నెట్టండి. "టక్" మని చప్పుడొస్తే గొట్టం వదులుగా ఉంది.
- కన్ను: కళ్లు మూసి గన్ పెట్టుకుని తెరిచే పరీక్ష పదిసార్లు చేయండి. పదిలో తొమ్మిదిసార్లు నీడ లేని చిత్రం రావాలి. నీడ ఎప్పుడూ కింద అంచునే వస్తుంటే చీక్ పీస్ తక్కువగా ఉంది, పై అంచున వస్తుంటే ఎక్కువ. కుడి ఎడమల్లో వస్తుంటే మందం మార్చాలి.
- జరగడం: కడ్డీలు గొట్టంలోకి దిగే చోట సన్నటి పెన్సిల్ గీత పెట్టండి. యాభై షాట్ల తర్వాత గీత అక్కడే ఉండాలి. స్ప్రింగ్ గన్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది, ఈ పరీక్ష దానికి తప్పనిసరి.

షాట్లు కాల్చేటప్పుడు వెనక గట్టి పెల్లెట్ ట్రాప్, కళ్లద్దాలు ఉండాలి.

గ్రూప్ ఇంకా చెదురుతుంటే

ముందు యాక్షన్ స్క్రూలు చూడండి. కొత్త చెక్క మొదటి వారాల్లో కొంచెం కుదించుకుంటుంది, స్క్రూలు వాటంతటవే వదులవుతాయి. అలెన్ కీ పొట్టి చివర పట్టుకుని వేళ్ల బలంతో బిగిస్తే చాలు. పొడుగు చివరతో బలమంతా పెడితే చెక్క నలుగుతుంది.

స్క్రూలు బాగుండి, గుండ్లు అడ్డంగా చెదురుతుంటే గ్రిప్ అనుమానించండి, వేలు ట్రిగ్గర్‌ని పక్కకు తోస్తోంది. నిలువుగా చెదురుతుంటే ఎక్కువగా చెంప ఒత్తిడి ఒకేలా ఉండటం లేదు, లేదా బట్ ప్యాడ్ భుజంలో ప్రతిసారీ వేరేచోట కూర్చుంటోంది. చీక్ పీస్‌ని మరీ ఎత్తు పెట్టుకున్నవాళ్లు స్కోప్‌లోకి చూడటానికి చెంపను గట్టిగా అదుముతారు. వాళ్లకు 2 మి.మీ. దించితేనే తేడా తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ఐదు షాట్ల గ్రూప్ రెండుసార్లు వేశాకే ఇంకొకటి.

కుదిరిందనుకున్నాక కడ్డీల మీద ఆకురాయి అంచుతో సన్నటి గీతలు 5 మి.మీ.కి ఒకటి చొప్పున పెట్టుకోండి. మీ అంకెలు స్టాక్ లోపల, బట్ ప్యాడ్ కింద రాసి పెడితే, ఇంకొకరు గన్ వాడి సర్దుబాట్లు మార్చినా నిమిషంలో మీ కొలతకు తెచ్చుకోవచ్చు.